సామాజిక న్యాయ బోధనలో సాంకేతికత: రేపటి పాఠశాల నాయకుల శిక్షణ

రేపు ప్రిన్సిపాళ్లుగా, హెడ్మాస్టర్లుగా, విద్యాధికారులుగా పనిచేయబోయేవారికి బడిలో జరిగే అన్యాయాన్ని పోల్చుకోవడం, దాన్ని సరిదిద్దడం నేర్పాలి. వర్ణం, కులం, పేదరికం, వైకల్యం, ఇంటి భాష, ఆడ-మగ తేడా, ఇలా దేని వల్లనైనా ఆ అన్యాయం జరగవచ్చు. దాన్ని నేర్పడానికి గణాంకాలు, డిజిటల్ పటాలు, వీడియోలు, కంప్యూటర్ మీద నడిచే కల్పిత సన్నివేశాలు వాడుకునే బోధనా పద్ధతులే ఈ వ్యాసానికి విషయం.

ఈ రంగం ప్రధానంగా అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఎదిగింది. అక్కడ చాలా రాష్ట్రాల్లో ప్రిన్సిపాల్ కావాలంటే ఉపాధ్యాయ అనుభవంతో పాటు విద్యా పరిపాలనలో మాస్టర్స్ స్థాయి చదువు, రాష్ట్రం ఇచ్చే లైసెన్సు కావాలి. కుర్చీలో కూర్చోకముందే కాబోయే ప్రిన్సిపాల్ కొంతకాలం విద్యార్థిగా అధ్యాపకుల ముందు ఉంటాడు. ఆ కాలంలో అతనికి ఏం నేర్పాలన్న ప్రశ్న నుంచే ఈ పద్ధతులన్నీ పుట్టాయి.

ప్రిన్సిపాల్‌నే ఎందుకు పట్టించుకోవాలి? ఏ తరగతికి ఏ టీచరు వెళ్లాలి, ఎవరిని ప్రత్యేక విద్యకు పంపాలి, ఎవరిని ప్రతిభావంతుల జాబితాలో చేర్చాలి, తగాదా పడిన ఇద్దరు పిల్లల్లో ఎవరిని ఇంటికి పంపాలి అన్నవి అతని బల్ల మీద తేలిపోయే విషయాలు. చట్టంలో సమానత్వం ఎంత గట్టిగా రాసి ఉన్నా, పిల్లవాడికి అది అందేదీ అందనిదీ ఈ చిన్న నిర్ణయాల్లోనే.

నేపథ్యం

1954 మే 17న అమెరికా సుప్రీంకోర్టు బ్రౌన్ కేసులో వర్ణాన్ని బట్టి బడులను వేరుచేయడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. ఆ తీర్పు అమలైన తీరులో ఒక విషాదం ఉంది. దక్షిణాది రాష్ట్రాల్లో బడులను కలిపినప్పుడు మూసేసినవి ఎక్కువగా నల్లజాతి బడులే. వాటిలో పనిచేసిన వేలాది నల్లజాతి ఉపాధ్యాయులు, ప్రిన్సిపాళ్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, లేదా కింది స్థాయికి దిగిపోయారు. పిల్లలు ఒకే కప్పు కిందికి వచ్చారు కానీ, వాళ్లను తమవాళ్లుగా చూసే బడిపెద్దలు చాలాచోట్ల లేకుండా పోయారు. నాయకత్వ శిక్షణలో సామాజిక న్యాయం గురించి నేటికీ సాగే చర్చకు ఈ చరిత్రే పునాది.

ఆ తర్వాత లెక్కల యుగం వచ్చింది. సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ బృందం లక్షలాది విద్యార్థుల వివరాలు సేకరించి 1966లో విద్యావకాశాల సమానత్వంపై నివేదిక ఇచ్చింది. కంప్యూటర్ల సాయం లేకుండా అంత పెద్ద సర్వేను విశ్లేషించడం సాధ్యమయ్యేది కాదు. 1968 నుంచి అమెరికా కేంద్ర ప్రభుత్వ పౌరహక్కుల విభాగం బడుల నుంచి వర్ణాల వారీ వివరాలు సేకరిస్తోంది. 2002 జనవరిలో సంతకమైన ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ చట్టం పరీక్షా ఫలితాలను వర్ణం, పేదరికం, వైకల్యం, ఇంగ్లీషు రాకపోవడం వంటి అంశాల వారీగా విడదీసి ప్రకటించమంది. పరీక్షల మోత పెంచిందని ఆ చట్టాన్ని తిట్టనివారు లేరు. అయినా సగటు మార్కు చాటున దాగిన పిల్లలను బయటికి తెచ్చింది ఆ నిబంధనే. ఆ మేలును ఒప్పుకోవాలి.

వృత్తి ప్రమాణాల్లో మార్పు నెమ్మదిగా వచ్చింది. అమెరికాలో విద్యా నాయకులకు 2015లో ఖరారు చేసిన పది ప్రమాణాల్లో మూడోది పూర్తిగా సమానత్వం గురించి, పిల్లల సంస్కృతిని గౌరవించి నడుచుకోవడం గురించి. దాంతో శిక్షణ సంస్థలు ఈ విషయాన్ని పక్కకు నెట్టే వీలు తగ్గింది.

సిద్ధాంతపరంగా ఈ రంగానికి ఎక్కువ అప్పిచ్చినవాడు బ్రెజిల్ విద్యావేత్త పావులో ఫ్రెయిరే. ఆయన పనిలోనూ ఒక పరికరం ఉంది. 1963లో ఆంజికోస్ పట్టణంలో దాదాపు 300 మంది శ్రామికులకు 40 గంటల్లో చదవడం, రాయడం నేర్పిన ప్రయోగంలో ఆయన బృందం స్లైడ్ ప్రొజెక్టర్ వాడింది. గోడ మీద పడిన బొమ్మలు ఆ శ్రామికుల సొంత బతుకువే. బొమ్మ చూసి, మాట్లాడుకుని, ఆ తర్వాతే అక్షరంలోకి వెళ్లేవారు. 1989 నుంచి 1991 వరకు సావోపావులో నగర విద్యాశాఖ బాధ్యతలు మోసిన ఫ్రెయిరే తానూ విద్యా నాయకుడే.

నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయానికి చెందిన కాథ్లీన్ బ్రౌన్ 2004లో ఈ శిక్షణకు ఒక చట్రం ప్రతిపాదించారు. తన సాంస్కృతిక ఆత్మకథ రాసుకోవడం, వేరే నేపథ్యం ఉన్న పెద్దల జీవిత చరిత్ర సేకరించడం, తనకు పరిచయం లేని వాతావరణంలోకి వెళ్లి గడపడం, దినచర్య రాయడం, చివరికి ఆచరణ ప్రణాళిక వేయడం అందులో ఉన్నాయి. వీటిలో దేనికీ కంప్యూటర్ అక్కర్లేదన్న సంగతి గుర్తుంచుకోవాలి. తర్వాత వచ్చిన డిజిటల్ పద్ధతుల్లో చాలా భాగం వీటికి కొత్త రూపాలే.

సమానత్వ ఆడిట్

ఈ రంగంలో అన్నింటికన్నా పదునైన పనిముట్టు స్ప్రెడ్‌షీట్. లిండా స్క్రలా, జేమ్స్ షూరిచ్ తదితరులు 2004లో సమానత్వ ఆడిట్ అనే పద్ధతిని సులువైన రూపంలో అందించారు. అది అడిగే ప్రశ్నలు మూడు. మంచి టీచర్లు ఏ పిల్లలకు దక్కుతున్నారు? ప్రత్యేక విద్య, ప్రతిభావంతుల తరగతులు, క్రమశిక్షణ చర్యలు వంటి వాటిలో ఎవరెంత ఉన్నారు? ఫలితాలు ఎలా ఉన్నాయి? మొదటి రెండింటిలో తేడా ఉంటే మూడో దానిలో తేడా వచ్చి తీరుతుందన్నది వాళ్ల వాదన. ఫలితాల అంతరానికి పిల్లల ఇంటిని, కులగోత్రాలను తప్పుపట్టే అలవాటుకు ఇది సూటి జవాబు.

తరగతి గదిలో ఈ పని ఎలా సాగుతుందో ఒక ఊహా బడితో చూడవచ్చు. బడిలో 1,000 మంది పిల్లలు. వాళ్లలో 200 మంది నల్లజాతివారు. ఏడాదిలో 100 మందిని సస్పెండ్ చేశారు, అందులో 50 మంది నల్లజాతివారు. ‘సస్పెండైనవాళ్లలో సగం మంది నల్లజాతి కాదుగా’ అని ప్రిన్సిపాల్ సర్దుకోవచ్చు. శిక్షణార్థి ఆ అంకెలను విడదీస్తే, నల్లజాతి పిల్లల్లో ప్రతి నలుగురిలో ఒకరికి శిక్ష పడిందని, మిగతావారిలో పదహారు మందిలో ఒకరికి పడిందని తేలుతుంది. అంటే నాలుగు రెట్లు. ఈ భాగహారం చేయడానికి ఐదు నిమిషాలు చాలు. కానీ చాలా బడుల్లో దాన్ని ఎవరూ చేసి చూడరు.

అసలు అంకెలు ఊహకన్నా బరువైనవి. 2011–12 సంవత్సరానికి అమెరికా పౌరహక్కుల విభాగం సేకరించిన వివరాల ప్రకారం, ప్రభుత్వ పూర్వ ప్రాథమిక తరగతుల్లో నల్లజాతి పిల్లలు 18 శాతం. ఒకటికి మించి సస్పెన్షన్లు పొందినవారిలో మాత్రం వాళ్లు 48 శాతం. నాలుగేళ్ల పసివాళ్ల సంగతి ఇది.

మంచి అధ్యాపకులు ఇక్కడితో ఆగరు. అంకె తేడాను చూపుతుంది, కారణం చెప్పదు. అందుకే ఏ నేరానికి ఎవరిని ఆఫీసుకు పంపారో చూడమంటారు. రసెల్ స్కిబా బృందం 2002లో ప్రచురించిన పరిశోధనలో, తెల్లజాతి పిల్లలను పొగ తాగడం, వస్తువులు పాడుచేయడం వంటి కంటికి కనిపించే తప్పులకు పంపితే, నల్లజాతి పిల్లలను ‘అమర్యాద’, ‘మితిమీరిన గోల’ వంటివాటికి పంపారని తేలింది. అమర్యాద ఏదో తేల్చేది టీచరు మనసు. యేల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ గిలియం బృందం 2016లో వెల్లడించిన పరిశోధన దీన్ని మరో పరికరంతో చూపింది. పసిపిల్లలు ఆడుకుంటున్న వీడియోలు చూపించి, అల్లరి ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టమని టీచర్లకు చెప్పారు. నిజానికి ఆ వీడియోల్లో అల్లరే లేదు. చూపును గుర్తించే యంత్రం లెక్క ప్రకారం టీచర్ల కళ్లు ఎక్కువసేపు నిలిచింది నల్లజాతి బాలుడి మీద. శిక్షణార్థుల ముందు ఈ ఫలితం పెడితే వాదనలు తగ్గుతాయి, ఎవరికి వారు తమ చూపును తడుముకుంటారు.

పటాలూ ఇలాంటి పనే చేస్తాయి. 1930ల్లో అమెరికా ప్రభుత్వ గృహరుణ సంస్థ నగరాల పటాలు గీయించి, నల్లజాతివారు ఉండే పేటలను అప్పు ఇవ్వడానికి ప్రమాదకరమైనవిగా ఎర్రరంగుతో గుర్తించింది. రిచ్‌మండ్ విశ్వవిద్యాలయం ఆ పటాలను డిజిటల్ రూపంలో అందరికీ అందుబాటులో ఉంచింది. తన బడి సరిహద్దును ఆ పాత పటం మీద పరిచి చూసిన శిక్షణార్థికి, ఈనాటి పేదరికం ఆ పేటకు తనంతట తాను రాలేదని అర్థమవుతుంది.

కల్పిత సన్నివేశాలు

అన్యాయాన్ని గుర్తించడం ఒక ఎత్తు, ఎదురుగా కోపంతో కూర్చున్న తల్లితోనో, వివక్ష చూపుతున్న సీనియర్ టీచరుతోనో మాట్లాడటం మరో ఎత్తు. దాన్ని సాధన చేయించడానికి సన్నివేశ పద్ధతి వచ్చింది. ఇది కొత్తది కాదు. 1960 ప్రాంతంలోనే అమెరికా విద్యా పరిపాలన శాఖల్లో ‘జెఫర్సన్’ అనే కల్పిత పట్టణపు బడిని సృష్టించి, ఫిల్ములు, టేపు రికార్డింగులు, బల్ల మీదికి వచ్చే ఉత్తరాల కట్ట ఇచ్చి, ప్రిన్సిపాల్‌గా నిర్ణయాలు తీసుకోమనేవారు. అది ప్రశాంతమైన పట్టణం. నగరాల్లో వర్ణ సంఘర్షణ ముదిరాక ‘మన్రో సిటీ’ అనే మరో కల్పిత నగరాన్ని తయారుచేయాల్సి వచ్చింది. పాఠ్య సామగ్రి తయారుచేసేవారు ఏ ఊరిని మామూలు ఊరు అనుకుంటారో, అందులోనే వాళ్ల లోకజ్ఞానం తెలిసిపోతుంది.

తర్వాతి మెట్టుకు దారి వైద్యవిద్య నుంచి వచ్చింది. శిక్షణ పొందిన మనుషులు రోగులుగా నటించి వైద్య విద్యార్థులను పరీక్షించే పద్ధతిని హోవర్డ్ బారోస్ 1963లో మొదలుపెట్టారు. సిరక్యూజ్ విశ్వవిద్యాలయంలో బెంజమిన్ డాట్గర్ దాన్ని బడి రంగానికి తెచ్చారు. నటుడు తండ్రిగానో, టీచరుగానో, విద్యార్థిగానో వస్తాడు. శిక్షణార్థి ప్రిన్సిపాల్‌గా మాట్లాడతాడు. అంతా వీడియోలో రికార్డవుతుంది. తర్వాత తన వీడియో తానే చూసుకుంటాడు, తోటివారితో కలిసి చర్చిస్తాడు. తాను ఎక్కడ మాట అడ్డుకున్నాడో, ఎక్కడ చట్టం చాటుకు తప్పుకున్నాడో అందరికీ కనిపిస్తుంది. ఈ పద్ధతి బలమంతా ఆ రెండోసారి చూడటంలో ఉందని నా అభిప్రాయం.

సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో రూపొందిన టీచ్‌లైవ్‌లో నటుల స్థానంలో తెర మీద కంప్యూటర్ బొమ్మలు ఉంటాయి. వాటి వెనుక ఒక మనిషి కూర్చుని వాటిని మాట్లాడిస్తాడు. ఎన్నిసార్లయినా మళ్లీ మొదలుపెట్టవచ్చు, నిజమైన పిల్లలెవరికీ దెబ్బ తగలదు. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ ప్రయోగశాల తయారుచేసిన టీచర్ మూమెంట్స్ ఇంకా సాదాసీదా పరికరం. సన్నివేశం చదివి, అప్పటికప్పుడు నోటితో జవాబు రికార్డు చేయాలి. ఆలోచించుకునే వ్యవధి ఉండదు కాబట్టి అలవాటైన మాటే బయటపడుతుంది.

ఈ తెరబొమ్మలతో ఒక పెద్ద ప్రమాదం ఉంది. నల్లజాతి పిల్లవాడి బొమ్మకు ఎలాంటి మాట, ఎలాంటి ఒళ్లు విరుపు ఇవ్వాలో నిర్ణయించేవారు ఆ పిల్లవాడిని ఎరిగినవారు కాకపోతే, శిక్షణార్థి నేర్చుకునేది పాత దురభిప్రాయమే. కులం మీద ఇలాంటి సన్నివేశం ఎవరైనా తెలుగులో రాయబోతే ఈ హెచ్చరిక రెట్టింపు వర్తిస్తుంది. సన్నివేశ రచనలో దెబ్బతిన్న వర్గాల మనుషులు కూర్చోవాలి, చివర్లో చూపించి ‘బాగుందా’ అని అడిగితే సరిపోదు.

బాధితుల చేతికి కెమెరా

పై పద్ధతుల్లో చూసేది శిక్షణార్థి, చూడబడేది పిల్లలు. ఈ వరుసను తిప్పేసే పద్ధతి ఫొటోవాయిస్. కారొలైన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ 1990ల్లో చైనాలోని యునాన్ రాష్ట్రపు పల్లె స్త్రీలకు కెమెరాలిచ్చి, తమ బతుకులో మారాల్సింది ఏమిటో ఫొటోలు తీయమన్నారు. విద్యా నాయకత్వ కోర్సులు దీన్ని అందుకున్నాయి. ‘బడిలో నీకు భయం వేసే చోటు, నీది అనిపించే చోటు ఫొటో తీయి’ అని పిల్లలకు చెబితే, తలుపు ఊడిన మరుగుదొడ్డి, చక్రాల కుర్చీ ఎక్కలేని మెట్లు, భోజనాల వేళ ఒక్కరే కూర్చునే మూల బయటికి వస్తాయి. కాలిఫోర్నియాలో జో లాంబర్ట్ బృందం 1990ల్లో వ్యాప్తి చేసిన డిజిటల్ కథన పద్ధతి కూడా ఈ కోవదే. రెండు మూడు నిమిషాల వీడియోలో సొంత గొంతుతో, సొంత ఫొటోలతో తన కథ చెప్పడం అది. కాథ్లీన్ బ్రౌన్ చెప్పిన సాంస్కృతిక ఆత్మకథకు ఇది సహజమైన రూపం.

ఆన్‌లైన్ చర్చల గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. తరగతిలో నోరు విప్పని శిక్షణార్థి రాతలో ధైర్యంగా ఉంటాడు, ఆలోచించి జవాబిస్తాడు. అయితే గాయపడ్డ అనుభవాలను మళ్లీ మళ్లీ చెప్పి మిగతావారికి పాఠం నేర్పే భారం ఆ వర్గాల శిక్షణార్థుల మీదే పడుతుంది. అధ్యాపకుడు ముందే నియమాలు పెట్టకపోతే ఇది తప్పదు.

పరికరంలోనే పక్షపాతం ఉంటే

సాంకేతికతతో న్యాయం నేర్పేవారు సాంకేతికతనే ప్రశ్నించడం కూడా నేర్పాలి. విస్కాన్సిన్ రాష్ట్రం ఇందుకు మంచి ఉదాహరణ. ఏ విద్యార్థి హైస్కూలు పూర్తి చేయకపోవచ్చో ముందే చెప్పే హెచ్చరిక వ్యవస్థను ఆ రాష్ట్రం పదేళ్లపాటు నడిపింది. ఆ లెక్కలో వర్ణం కూడా ఒక అంశం. ఆ వ్యవస్థ ప్రమాదంలో ఉన్నారని చెప్పినవారిలో చాలామంది చదువు పూర్తి చేశారని, తప్పుడు హెచ్చరికలు నల్లజాతి, హిస్పానిక్ పిల్లల విషయంలోనే ఎక్కువని 2023లో ది మార్కప్ వార్తా సంస్థ బయటపెట్టింది. ఎర్ర గుర్తు పడిన పేరు చూసిన టీచరు ఆ పిల్లవాడి మీద ఆశ వదులుకుంటే, జోస్యం తనను తాను నిజం చేసుకుంటుంది.

ఈ ప్రశ్న తెలుగు నేలకు దూరమైనది కాదు. బడి మానేసే అవకాశం ఉన్న పిల్లలను గుర్తించడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోసాఫ్ట్‌తో కలిసి యంత్రాభ్యాస పద్ధతిని 2010ల రెండో సగంలోనే వాడింది. బాలబాలికల భేదం, కుటుంబ ఆర్థిక స్థితి, మార్కులు, బడి వసతులు వంటి అంశాలు ఆ లెక్కలోకి వెళ్లాయి. ఇలాంటి జాబితా చేతికొచ్చిన హెడ్మాస్టరు ఏం అడగాలి? ఈ పేరు ఎందుకు వచ్చింది, రాని పేర్లు ఎవరివి, అసలు హాజరు పట్టీలోకే ఎక్కని పిల్లల సంగతేమిటి? 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ బాలకార్మికులను బడికి చేర్చిన పద్ధతి ఇక్కడ గుర్తుకు రావాలి. వాళ్లు పిల్లలను కనుక్కుంది ఇంటింటికీ తిరిగి, తల్లిదండ్రులతో మాట్లాడి. పిల్లవాడు పనిలో ఉండటం సహజమన్న నమ్మకాన్ని ఊరే మార్చుకునేలా చేశారు. జాబితా ఎవరింటికి వెళ్లాలో చెబుతుంది, ఆ ఇంటికి వెళ్లి ఏం మాట్లాడాలో చెప్పదు.

పరిమితులు, వివాదాలు

ఈ పద్ధతుల మీద వచ్చిన పరిశోధనలో పెద్ద లోటు ఉంది. చాలా అధ్యయనాలు కోర్సు ముగియగానే శిక్షణార్థులు రాసిన అభిప్రాయాలను, నింపిన ప్రశ్నావళులను నమ్ముకున్నాయి. అదే మనిషి ప్రిన్సిపాల్ అయి కొన్నేళ్లు గడిచాక ఆ బడిలో సస్పెన్షన్లు తగ్గాయా, ప్రత్యేక విద్య జాబితా మారిందా అని వెంటాడి చూసినవి తక్కువ. జార్జ్ థియోహారిస్ 2007లో సామాజిక న్యాయం కోసం నిలబడ్డ ఏడుగురు ప్రిన్సిపాళ్ల అనుభవాలను పరిశీలించి, సిబ్బంది నుంచి, పైఅధికారుల నుంచి, కలవారి పిల్లల తల్లిదండ్రుల నుంచి ఎదురైన ప్రతిఘటనను, అది వాళ్ల ఒంటిమీద, మనసుమీద మిగిల్చిన అలసటను నమోదు చేశారు. ఆ ఒత్తిడికి తట్టుకోవడాన్ని ఏ సాఫ్ట్‌వేరూ ఇంతవరకు సరిగా నేర్పలేదు.

రాజకీయ ప్రతిఘటనా పెరిగింది. 2021 నుంచి అమెరికాలో పలు రాష్ట్రాలు తరగతి గదిలో వర్ణ వివక్ష గురించి బోధించే తీరుపై ఆంక్షలు తెచ్చాయి. ఫ్లోరిడా 2022లో చేసిన చట్టం వాటిలో ప్రసిద్ధం. దాంతో కొన్నిచోట్ల కోర్సుల పేర్లే మార్చుకోవలసి వస్తోంది.

భారతదేశంలో

ఇక్కడ హెడ్మాస్టరు పదవి చాలావరకు సీనియారిటీ మీద వచ్చేది కాబట్టి, శిక్షణ పదవి వచ్చాక మొదలవుతుంది. ఢిల్లీలోని జాతీయ విద్యా ప్రణాళిక సంస్థలో 2012లో జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం ఏర్పడింది. 2017లో దీక్షా ఆన్‌లైన్ వేదిక, 2019లో ఉపాధ్యాయులకూ ప్రధానోపాధ్యాయులకూ నిష్ఠా శిక్షణ వచ్చాయి. 2020 జాతీయ విద్యా విధానం ప్రధానోపాధ్యాయులకు ఏటా 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. వేదికలకు కొదవ లేదు. వాటిలో వీడియో చూసి, ప్రశ్నలకు టిక్కు పెట్టి, సర్టిఫికెట్ తీసుకునే పద్ధతే రాజ్యమేలితే మాత్రం, కులం గురించి, వైకల్యం గురించి కష్టమైన సంభాషణ జరగదు.

అయినా ఆడిట్‌కు కావలసిన ముడిసరుకు మన దగ్గర సిద్ధంగా ఉంది. ప్రతి బడీ ఏటా యూడైస్ ప్లస్ అనే దేశవ్యాప్త బడుల సమాచార వ్యవస్థలో తరగతుల వారీగా బాలబాలికల సంఖ్య, ఎస్సీ, ఎస్టీ, బీసీ వివరాలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల సంఖ్య, మరుగుదొడ్లు, ర్యాంపులు నమోదు చేస్తుంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం బలహీన వర్గాల పిల్లల పట్ల వివక్ష లేకుండా చూడాలని ప్రభుత్వాన్ని ఆదేశిస్తోంది, శారీరక దండనను నిషేధిస్తోంది. అయితే చాలామంది హెడ్మాస్టర్లు యూడైస్ అంకెలను పైకి పంపడానికే నింపుతున్నారు, తమ బడిని చూసుకోవడానికి వాడటం లేదు.

దీనికి కొత్త యాప్ అక్కర్లేదు. మండల స్థాయి హెడ్మాస్టర్ల సమావేశంలో ఒక పూట ఇందుకు కేటాయించాలి. ప్రతి ఒక్కరూ తమ బడి యూడైస్ పత్రం, హాజరు పట్టీ తెచ్చుకుని, ఆరో తరగతిలో చేరినవారిలో పదో తరగతి దాకా మిగిలింది ఎవరో, మధ్యలో జారిపోయింది ఎవరో కులం వారీగా, ఆడ-మగ వారీగా లెక్క కట్టాలి. జారిపోయిన పిల్లల్లో కొందరి ఇళ్లకు వెళ్లి, కారణం వాళ్ల నోటితోనే విని, తర్వాతి సమావేశంలో చెప్పాలి. రెండు తెలుగు రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ మండళ్లు దీన్ని హెడ్మాస్టర్ల శిక్షణలో తప్పనిసరి పాఠం చేయాలి.